మానవుని ప్రేగులలోని సూక్ష్మజీవులు: ఒక చారిత్రక పరిశీలన

మానవుడు ఒంటరిగా జన్మిస్తాడనీ, ఒంటరిగానే మరణిస్తాడనీ వేదాంతులు చెబుతారు. జీవశాస్త్రం ఆ మాటలోని మొదటి భాగాన్ని కొంతవరకు అంగీకరిస్తుంది కాని, రెండవ భాగాన్ని అంగీకరించదు. శిశువు భూమిపై పడిన కొద్ది గంటలలోనే అతని నోటిలో, చర్మంపై, ప్రేగులలో కంటికి కనిపించని జీవులు కాపురం పెడతాయి. అవి కడవరకు అతనిని విడిచిపోవు. వాటిలో అత్యధిక భాగం పెద్దప్రేగులో నివసించే బాక్టీరియా. ఇవి మానవునికి బంధువులా, శత్రువులా అన్న ప్రశ్నకు సమాధానం వెదకడంలో శాస్త్రజ్ఞులు మూడు శతాబ్దాలకు పైగా గడిపారు.

ఆ అన్వేషణ తిన్నని బాటలో సాగలేదు. తొలుత ఈ జీవులు ఒక వింత. తరువాత అవి నిర్మూలించవలసిన విషక్రిములు. ఆపైన కొందరికి దీర్ఘాయువునిచ్చే అమృతం. నేటి శాస్త్రం ఈ మూడింటిలో దేనినీ పూర్తిగా ఒప్పుకోదు. ఒక సూక్ష్మజీవి మంచిదా చెడ్డదా అన్నది దాని పేరును బట్టి తేలదనీ, అది ఏ చోట ఉన్నది, ఎంత సంఖ్యలో ఉన్నది, ఏ జీవుల సహవాసంలో ఉన్నది అన్న అంశాలను బట్టి తేలుతుందనీ నేడు మనకు తెలుసు. ఈ ఎరుక కలగడానికి ముందు మానవజాతి చాలా మూల్యం చెల్లించింది. ఆ మూల్యంలో ఒక తెలుగు కుటుంబం పాలు కూడా ఉన్నది.

తొలి దర్శనం

హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వర్తకం చేసుకొనే ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్‌కు విశ్వవిద్యాలయంలో చదివిన చదువు లేదు. ఆనాటి పండిత భాష అయిన లాటిన్ కూడా ఆయనకు రాదు. అయినా చిన్న చిన్న గాజు కటకాలను స్వయంగా సానపట్టి, అంతవరకు ఎవరూ చూడని లోకాన్ని ఆయన చూడగలిగారు. 1681లో ఒకసారి విరేచనాలతో బాధపడినప్పుడు తన మలాన్నే పరీక్షించి, అందులో చురుకుగా కదలాడే చిన్ని ప్రాణులను గుర్తించారు. 1683లో తన పండ్ల సందులలోని పాచిని పరిశీలించి, తన నోటిలోని ప్రాణుల సంఖ్య తమ దేశంలోని ప్రజల సంఖ్యను మించి ఉంటుందని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాశారు. ఆ లేఖలను చదివినవారు ఆశ్చర్యపడ్డారు. ఆ ప్రాణులు అక్కడ ఏమి చేస్తున్నాయని అడిగినవారు మాత్రం దాదాపు రెండు వందల ఏండ్ల వరకు లేరు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో లూయీ పాశ్చర్, రాబర్ట్ కాక్ మహాశయుల పరిశోధనలతో ఆ ప్రశ్న ముందుకు వచ్చింది. కాక్ 1882లో క్షయవ్యాధి క్రిమిని కనుగొన్నారు. 1884లో కలకత్తాలో, కలరాతో మరణించినవారి ప్రేగులలో కామా ఆకారంలో ఉన్న బాక్టీరియాను వేరుచేసి చూపారు. వేలాది గ్రామాలను ఊడ్చివేసిన మహమ్మారికి కారణం దొరికింది. ఆ విజయం ఎంత గొప్పదో, దాని నీడ కూడా అంత పొడవైనది. సూక్ష్మజీవి అంటే వ్యాధి అనే భావన ప్రజల మనస్సులలోనూ, పాఠ్యపుస్తకాలలోనూ నాటుకొనిపోయింది.

పసిపాప ప్రేగులలో

కాక్ కలరా క్రిమిని కనుగొన్న మరుసటి సంవత్సరమే, 1885లో, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో థియోడర్ ఎషెరిష్ అనే శిశువైద్యుడు వేరొక దారిని తెరిచారు. ఆయన రోగులను మాత్రమే గాక ఆరోగ్యవంతులైన పసిపిల్లలను కూడా పరిశీలించారు. నవజాత శిశువు తొలి మలంలో సూక్ష్మజీవులు కనిపించకపోవడం, కొద్ది కాలానికే అవి ప్రత్యక్షం కావడం ఆయన గమనించారు. అందులో కడ్డీ ఆకారంలో ఉన్న ఒక బాక్టీరియాను వేరుచేసి వర్ణించారు. తరువాతి కాలంలో శాస్త్రలోకం దానికి ఆయన పేరనే ఎషెరిషియా కోలై అని నామకరణం చేసింది. నేడు విద్యార్థులు ఇ.కోలై అని పిలిచేది దానినే.

ఈ ఒక్క జీవి చరిత్రే ఈ వ్యాసంలోని విషయమంతటికీ నిదర్శనం. మన ప్రేగులలో నివసించే ఇ.కోలైలో ఎక్కువ రకాలు ఏ హానీ చేయవు. పైగా రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కె విటమిన్‌ను తయారుచేస్తాయి. 1917లో జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ నిస్లే, తోటి సైనికులందరూ విరేచనాలతో నీరసించిపోతున్నా తాను మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఒక సైనికుని మలం నుంచి ఒక ఇ.కోలై రకాన్ని వేరుచేశారు. అది నేటికీ ఔషధంగా వాడుకలో ఉన్నది. కాని అదే జాతికి చెందిన మరొక రకం 1982లో అమెరికాలో సరిగా ఉడకని మాంసం ద్వారా వ్యాపించి రక్తవిరేచనాలకు కారణమయింది. హాని చేయని ఇ.కోలై కూడా ప్రేగును విడిచి మూత్రనాళంలోకి చేరితే అక్కడ వ్యాధిని కలిగిస్తుంది. పేరు ఒక్కటే; రకం మారితే గుణం మారుతుంది, చోటు మారితే ఫలితం మారుతుంది.

ఎషెరిష్ తరువాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియే అనే వైద్యుడు, తల్లిపాలు త్రాగే శిశువుల ప్రేగులలో రెండు కొమ్మలుగా చీలిన ఆకారం గల బాక్టీరియా అధికంగా ఉండడాన్ని 1899లో కనుగొన్నారు. అవే బిఫిడోబాక్టీరియా. తల్లిపాలలో శిశువు జీర్ణించుకోలేని కొన్ని చక్కెరలు ఉన్నాయనీ, అవి ఈ బాక్టీరియాకు ఆహారమవుతాయనీ తరువాతి పరిశోధనలలో తేలింది. బిడ్డకు పాలిచ్చే తల్లి, తెలియకుండానే, బిడ్డ కడుపులోని ఈ చిన్ని నేస్తాలకు కూడా అన్నం పెడుతున్నది.

పెద్దప్రేగుపై యుద్ధం

పెద్దప్రేగులోని బాక్టీరియా ఆహారాన్ని కుళ్ళబెట్టి విషాలను పుట్టిస్తుందనీ, ఆ విషాలు రక్తంలో కలిసి వార్ధక్యాన్ని తెస్తాయనీ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అనేకులు నమ్మారు. లండనులో సర్ ఆర్బత్‌నాట్ లేన్ అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుడు మలబద్ధకంతో బాధపడే రోగులకు ఏకంగా పెద్దప్రేగునే కోసి తీసివేయసాగారు. శత్రువు దాగిన ఇంటినే కూల్చివేయడం వంటిదది. ఆ సిద్ధాంతం నిలువలేదు. కాని ఆలోగా ఎందరో రోగులు ఆ కత్తికి గురి అయ్యారు.

రష్యా దేశంలో పుట్టి పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఎలీ మెచ్నికాఫ్ కూడా ఈ విషసిద్ధాంతాన్ని నమ్మినవారే. రక్తంలోని తెల్లకణాలు క్రిములను మ్రింగివేస్తాయని కనుగొన్నందుకు ఆయనకు 1908లో పాల్ ఎర్లిష్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. అయితే ఆయన ఎంచుకొన్న ఉపాయం కత్తి కాదు, పెరుగు. బల్గేరియా పల్లెలలో పుల్లని పెరుగు తినేవారు దీర్ఘకాలం జీవిస్తున్నారని విని, పెరుగులోని బాక్టీరియా కుళ్ళును పుట్టించే బాక్టీరియాను అణచివేస్తుందని ఆయన ప్రతిపాదించారు. 1907లో ఈ భావాలతో గ్రంథం వెలువరించారు. తాను కూడా నిత్యం పుల్లని పాలు త్రాగేవారు. ఆయన 1916లో 71వ ఏట మరణించారు. పెరుగు అమరత్వాన్ని ఇవ్వలేదు. కాని ఒక బాక్టీరియాను మరొక బాక్టీరియాతోనే అదుపులో పెట్టవచ్చునన్న ఆలోచనను మాత్రం ఆయన లోకానికి ఇచ్చి వెళ్ళారు.

అసలు సూక్ష్మజీవులే లేకపోతే ప్రాణి బ్రతుకుతుందా అన్న వాదం కూడా ఆ కాలంలో నడిచింది. బ్రతకదని పాశ్చర్ అభిప్రాయపడ్డారు. 1895లో బెర్లిన్‌లో నట్టాల్, థీర్‌ఫెల్డర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గినీపంది పిల్లలను తల్లి గర్భం నుంచి శస్త్రచికిత్సతో తీసి, శుద్ధి చేసిన గాలి, పాలతో కొద్ది రోజులపాటు పెంచారు. 1940వ దశకం చివరికి అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రేనియర్స్ బృందం సూక్ష్మజీవరహితమైన ఎలుకలను తరతరాలుగా పెంచగలిగింది. పాశ్చర్ మాట అక్షరాలా నిజం కాలేదు. కాని ఆ ఎలుకల బ్రతుకు సాధారణమైన బ్రతుకు కాదు. వాటి పెద్దప్రేగు మొదట్లో ఉండే సంచి విపరీతంగా ఉబ్బిపోయింది. కె విటమిన్‌ను ఆహారంలో విడిగా కలపవలసి వచ్చింది. వ్యాధి నిరోధక వ్యవస్థ సరిగా ఎదగలేదు. సూక్ష్మజీవులు లేకుండా బ్రతకవచ్చు. నిండుగా బ్రతకడం సాధ్యం కాదు.

భీమవరం నుంచి పెర్ల్ రివర్ వరకు

ఈ చరిత్ర ఇక్కడ తెలుగునాటికి వస్తుంది. యెల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన యౌవనంలో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల వ్యవధిలోనే స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. మన పెద్దలు గ్రహణి, సంగ్రహణి అని పిలిచే వ్యాధులలో ఇదొకటి. ఎడతెగని విరేచనాలు, పుండ్లు పడిన నాలుక, రక్తహీనత, తిన్నది ఒంటబట్టక రోజురోజుకూ క్షీణించడం దీని లక్షణాలు. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన కోలుకొన్నారు. ఆనాటి పాశ్చాత్య వైద్యం వద్ద దానికి సరియైన మందు లేదు. తన ఇంటి వాకిట్లో చూసిన ఆ మృత్యువే ఆయనను పరిశోధన వైపు నడిపించినదని ఆయన జీవితచరిత్ర తెలిసినవారు చెబుతారు.

1920వ దశకపు తొలినాళ్ళలో సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి చేరారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు సారథ్యం వహించారు. అక్కడ ఆయన బృందం చేపట్టిన లక్ష్యాలలో ఒకటి రక్తహీనతను నయం చేసే ఒక అజ్ఞాత పదార్థం. దాని జాడను మొదట పట్టుకొన్నది లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు. 1928 నుంచి బొంబాయిలో పనిచేసిన ఆమె, గర్భిణీ స్త్రీలలో కనిపించే ఒక రకమైన తీవ్ర రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్న పదార్థం ఏదో అప్పటికి తెలియదు.

ఆ పదార్థాన్ని పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులకు సాయపడినవి బాక్టీరియాలే అన్నది గమనించదగిన విషయం. లాక్టోబాసిల్లస్ కేసియై అనే పాల బాక్టీరియా పెరగడానికి కూడా ఆ పదార్థం కావాలి. ఏ సారంలో ఆ బాక్టీరియా బాగా పెరిగితే ఆ సారంలో ఆ పదార్థం ఎక్కువగా ఉన్నట్లు లెక్క. ఈ విధంగా ఒక సూక్ష్మజీవిని త్రాసుగా చేసుకొని, లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొద్ది కాలంలోనే టామ్ స్పైస్ మొదలైన వైద్యులు క్యూబా, ప్యూర్టో రికో ద్వీపాలలోని స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి సత్ఫలితాలు పొందారు. సోదరులను కోల్పోయిన వ్యక్తి నడిపిన ప్రయోగశాల నుంచే ఆ వ్యాధికి మందు వచ్చింది.

అదే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే బంగారు రంగు మందును వెలికితీశారు. టెట్రాసైక్లిన్ వర్గానికి చెందిన తొలి మందు అదే. అది 1948లో లోకానికి వెల్లడయింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. స్ప్రూ వ్యాధికి నేటికీ వైద్యులు వాడే రెండు ముఖ్యమైన మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండింటి మూలాలూ పెర్ల్ రివర్‌లోనే ఉన్నాయి.

వెల్లూరులో తేలిన సత్యం

ఫోలిక్ ఆమ్లం ఒక విటమిన్. టెట్రాసైక్లిన్ బాక్టీరియాను అణచే మందు. ఒకే వ్యాధికి ఈ రెండూ ఎందుకు పనిచేస్తాయి? ఈ చిక్కు ముడిని విప్పడంలో తమిళనాడులోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు విశేషమైన పాత్ర ఉన్నది. 1900లో ఐడా స్కడర్ స్థాపించిన చిన్న వైద్యశాలగా మొదలైన సంస్థ అది. తెలుగు, తమిళం పక్కపక్కనే వినిపించే ఉత్తర ఆర్కాటు ప్రాంతం దాని పరిసరం. 1960వ దశకంలో దక్షిణ భారత గ్రామాలలో స్ప్రూ అంటువ్యాధి వలె ప్రబలినప్పుడు, సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ మొదలైన వైద్యులు గ్రామాలకు వెళ్ళి రోగులను పరిశీలించారు.

ఆరోగ్యవంతుని చిన్నప్రేగు పైభాగంలో బాక్టీరియా చాలా తక్కువ. వాటి రాజ్యం పెద్దప్రేగు. స్ప్రూ రోగులలో అవి చిన్నప్రేగులో అధికంగా పెరుగుతాయి. ఆహారాన్ని పీల్చుకొనే ఆంత్రచూషకాలు దెబ్బతిని పొట్టిపడతాయి. ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ ఒంటబట్టవు. రక్తహీనత వస్తుంది. ప్రేగుపొర తిరిగి ఎదగడానికే ఫోలిక్ ఆమ్లం కావాలి గనుక రోగం ఒక విషవలయంగా మారుతుంది. విటమిన్ ఇస్తే పొర కోలుకొంటుంది. టెట్రాసైక్లిన్ ఇస్తే చోటు తప్పిన బాక్టీరియా తగ్గుతుంది. రెండు మందుల రహస్యం ఇదే.

అదే సంస్థకు చెందిన ఆల్బర్ట్, మథాన్, బేకర్ 1980లో నేచర్ పత్రికలో మరొక ఆసక్తికరమైన విషయాన్ని ప్రకటించారు. బి12 విటమిన్‌ను తయారుచేయగలిగే శక్తి మొక్కలకు గాని జంతువులకు గాని లేదు; కొన్ని సూక్ష్మజీవులకు మాత్రమే ఉన్నది. మన పెద్దప్రేగులోని బాక్టీరియా దానిని తయారుచేస్తుంది కాని, ఆ విటమిన్‌ను పీల్చుకొనే భాగం చిన్నప్రేగు చివర ఉన్నది. కాలువకు దిగువన పడిన వాన ఎగువ పొలానికి అందనట్లే, ఆ విటమిన్ మనకు అందదు. అయితే ఆరోగ్యవంతుల చిన్నప్రేగులో ఉండే కొద్దిపాటి బాక్టీరియాలో కొన్ని కూడా బి12ను తయారుచేయగలవని వెల్లూరు శాస్త్రజ్ఞులు చూపారు. చిన్నప్రేగులో మితిమీరితే రోగం. మితంగా ఉంటే మేలు చేసే అవకాశం. చోటు, సంఖ్య అనే రెండు సూత్రాలు ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ మరొకటి అరుదు.

మందు చేసిన మేలు, తెచ్చిన ముప్పు

పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందులు కోట్లాది ప్రాణాలను కాపాడాయి. బాలింత జ్వరం, న్యుమోనియా, విషజ్వరం పేరు చెబితే గుండెలు బాదుకొనే రోజులను అవి వెనుకకు నెట్టాయి. ఈ ఉపకారాన్ని తక్కువచేసి చెప్పడం కృతఘ్నత అవుతుంది. అయితే ఈ మందులకు దోషి ఎవరో నిర్దోషి ఎవరో తెలియదు. చేనిలో కలుపును చంపబోయి పైరును కూడా మాడ్చే మందు వంటివి అవి.

1954లో మార్జొరీ బోన్‌హాఫ్ బృందం అమెరికాలో చుంచెలుకలపై పరిశోధనలను ప్రకటించింది. వాటిలో సాల్మొనెల్లా వ్యాధిని కలిగించడానికి మామూలుగా సుమారు లక్ష బాక్టీరియా కావలసి ఉండగా, ముందుగా స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన చుంచెలుకలకు పదికి లోపు బాక్టీరియా చాలినవి. ప్రేగులలోని పాత కాపురస్తులు కొత్త శత్రువును లోనికి రానీయకుండా కాపలా కాస్తున్నారని దీనివల్ల రుజువయింది. కాపలాదారులను మనమే చంపివేస్తే తలుపు తెరిచినట్లే.

మనుషులలో ఈ ప్రమాదానికి ప్రతీక క్లాస్ట్రీడియం డిఫిసిలీ అనే బాక్టీరియా. 1935లో దీనిని మొదట వేరుచేసినది ఆరోగ్యవంతులైన నవజాత శిశువుల మలం నుంచే. యాంటీబయోటిక్ మందులు వాడిన తరువాత కొందరు రోగులకు వచ్చే ప్రాణాంతకమైన పెద్దప్రేగు వాపుకు ఇదే కారణమని 1978లో తేలింది. పసిబిడ్డ కడుపులో నిరపాయంగా ఉన్న జీవి, తోటి జీవులు నశించిన వృద్ధుని కడుపులో మృత్యువుగా మారుతున్నది. ఇది సహవాసం అనే మూడవ సూత్రం.

దీనికి చికిత్స కూడా ఆ సూత్రం నుంచే వచ్చింది. 1958లో డెన్వర్ నగరంలో బెన్ ఐస్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఇటువంటి లక్షణాలతో ఉన్న నలుగురు రోగులకు ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన ద్రవాన్ని ఎనిమా ద్వారా ఇచ్చి స్వస్థపరచారు. విన్నవారు ముక్కు మూసుకొన్నారు, పద్ధతి మరుగునపడింది. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు దీనిని శాస్త్రీయంగా పరీక్షించారు. ఆ చికిత్స పొందిన 16 మందిలో 15 మంది కోలుకోగా, కేవలం వాన్‌కోమైసిన్ మందు తీసుకొన్న 13 మందిలో నలుగురే కోలుకొన్నారు. తేడా అంత స్పష్టంగా ఉండడంతో ప్రయోగాన్ని గడువుకు ముందే ఆపివేశారు. 2022లో, 2023లో ఈ తరహా ఔషధాలకు అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది.

కొత్త లెక్కలు

ప్రేగులలోని బాక్టీరియాలో పెక్కు రకాలు గాలి తగిలితే చనిపోతాయి. అందువల్ల ప్రయోగశాలలో వాటిని పెంచడం చాలా కష్టం. జన్యుపదార్థాన్ని చదివి జీవిని గుర్తించే పద్ధతులు వచ్చిన తరువాతనే ఈ లోకం సంపూర్ణంగా కనిపించసాగింది. 2010లో యూరపు శాస్త్రజ్ఞులు 124 మంది ప్రేగులలోని సూక్ష్మజీవుల జన్యువులను లెక్కించగా 33 లక్షలు తేలాయి. మానవుని సొంత జన్యువులకు ఇది దాదాపు 150 రెట్లు.

శరీర కణాలకంటె బాక్టీరియా పదింతలు ఎక్కువ అన్న మాట చాలాకాలం పుస్తకాలలో ప్రచారంలో ఉండేది. 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రజ్ఞులు ఆ లెక్కను సరిదిద్దారు. 70 కిలోల బరువున్న పురుషునిలో సుమారు 30 లక్షల కోట్ల సొంత కణాలు, 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని, బాక్టీరియా మొత్తం బరువు సుమారు 200 గ్రాములని వారు అంచనా వేశారు. పుస్తకంలో అచ్చయినంత మాత్రాన ఏ అంకె అయినా శాశ్వత సత్యం కాదని విద్యార్థులు దీనినుంచి గ్రహించాలి.

ఆ బాక్టీరియా చేసే పని ఏమిటి? మనం జీర్ణించుకోలేని పీచు పదార్థాన్ని అవి పులియబెట్టి కొన్ని చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దప్రేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం. జొన్నలు, రాగులు, పప్పుదినుసులు, ఆకుకూరలు తిన్నవాని ప్రేగుగోడకు ఈ విధంగా అన్నం దొరుకుతుంది. పాలిష్ బియ్యం, మైదా, చక్కెరలతోనే కడుపు నింపుకొనేవాని బాక్టీరియా పస్తులుంటుంది.

పోషకాహార లోపంలో కూడా బాక్టీరియాకు పాత్ర ఉన్నదని అమెరికాలో జెఫ్రీ గోర్డన్ బృందం నిరూపించింది. ఆఫ్రికాలోని మలావీ దేశంలో కవల పిల్లలలో ఒకరికి క్వాషియార్కర్ వ్యాధి రాగా మరొకరు ఆరోగ్యంగా ఉండిన సందర్భాలను వారు 2013లో వివరించారు. ఇంత ఆహారం ఒకే కుండలో వండినా ఇద్దరి ప్రేగుల పరిస్థితి ఒకటి కాదు. 2021లో బంగ్లాదేశ్ శాస్త్రజ్ఞులతో కలిసి ఢాకా మురికివాడల పిల్లలకు శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయలతో చేసిన ఆహారం ఇచ్చి చూశారు. వాడుకలో ఉన్న పోషకాహారం కంటె అందులో కెలోరీలు తక్కువే. అయినా పిల్లల ఎదుగుదల మెరుగ్గా కనిపించింది. బాక్టీరియాకు నచ్చిన దినుసులను ఎంచుకోవడమే దానికి కారణమని వారు భావించారు.

ఒడిశా పల్లెలలో

మెచ్నికాఫ్ ఊహకు అత్యంత విలువైన రుజువు పారిస్‌లో గాక ఒడిశా గ్రామాలలో లభించింది. నవజాత శిశువులకు రక్తంలో క్రిమిదోషం సోకి మరణించడం మన దేశంలో పెద్ద విషాదం. డాక్టర్ పినాకి పాణిగ్రాహి నాయకత్వంలో శాస్త్రజ్ఞులు 4,556 మంది శిశువులపై ఒక పరీక్ష నిర్వహించారు. కొందరికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరను కలిపి వారం రోజులు నోటి ద్వారా ఇచ్చారు. మిగిలినవారికి బాక్టీరియా లేని పొడిని ఇచ్చారు. రెండు నెలల పరిశీలనలో క్రిమిదోషం గాని మరణం గాని సంభవించినది రెండవ వర్గంలో 9 శాతం, మొదటి వర్గంలో 5.4 శాతం. ఈ ఫలితాలు 2017లో ప్రకటితమయ్యాయి. వీరు నెలలు నిండినవారు లేదా దాదాపు నిండినవారు, తల్లిపాలు త్రాగుతున్నవారు, బరువు మరీ తగ్గనివారు.

ఈ ఫలితాన్ని అపార్థం చేసుకోరాదు. అంగడిలో అమ్మే ప్రతి సీసాకూ ఈ శక్తి లేదు. పరీక్షించినది ఒకానొక రకం బాక్టీరియాను, ఒకానొక మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో. 2018లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు, యాంటీబయోటిక్ వాడిన తరువాత అంగడి బాక్టీరియా గుళికలు తీసుకొన్నవారిలో సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమయినదని చూపారు. నవజాత శిశువుకు తల్లిపాలకు మించిన ఆహారం లేదు. మరే పదార్థమైనా వైద్యుని అనుమతితోనే ఇవ్వాలి.

ఈ చరిత్ర చెప్పేది

క్రిమి అంటే కీడు అని నేర్చిన తరం పెద్దప్రేగును కోసివేసింది. పెరుగు అంటే అమృతం అని నమ్మిన తరం దానినుంచి చిరాయువును ఆశించింది. మందు అంటే వరం అని మాత్రమే తెలిసిన తరం జలుబుకు కూడా యాంటీబయోటిక్ గుళికలు మ్రింగింది. జలుబు వైరస్‌వల్ల వస్తుంది గనుక ఆ గుళికలు జలుబును తగ్గించవు. ప్రేగులలోని కాపలాదారులను మాత్రం చంపుతాయి. బ్రతికి బయటపడిన మొండి బాక్టీరియా మందులకు లొంగని సంతతిని పెంచుతుంది. భారత ప్రభుత్వం 2014 నుంచి కొన్ని ముఖ్యమైన యాంటీబయోటిక్ మందులను హెచ్1 జాబితాలో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన విధించినది ఇందుకే. నిబంధన కాగితంపై నిలవకుండా ఆచరణలోకి రావాలంటే కొనేవానికి కూడా ఎరుక ఉండాలి.

ఇంతకూ యెల్లాప్రగడ వారి ఇంట ఇద్దరు యువకులను బలిగొన్న బాక్టీరియా ఏది? దక్షిణ భారతంలో ఆ వ్యాధి నేడు అరుదైపోయింది. వచ్చినవారు కొద్ది నెలల మందుతో, స్వల్ప ఖర్చుతో కోలుకొంటున్నారు. కాని ఇదే దోషి అని ఏ ఒక్క బాక్టీరియాకూ నేటివరకు శాస్త్రం పేరు పెట్టలేదు. రోగుల ప్రేగులలో దొరికేవి పెక్కు రకాలు. వాటిలో అనేకం పెద్దప్రేగులో ఉండగా ఎవరికీ హాని చేయనివి. ఒక్క దొంగను పట్టుకొని శిక్షించినంత మాత్రాన తీరే వ్యాజ్యం కాదది. ఉండవలసినవి ఉండవలసిన చోట, ఉండవలసినంత మేర ఉండడమే ఆరోగ్యం. విజ్ఞానశాస్త్ర తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెప్పుకొనేటప్పుడు, ఇది మంచిదా చెడ్డదా అని అడిగే విద్యార్థికి అధ్యాపకుడు ముందుగా ఇవ్వవలసినది సమాధానం కాదు, మరి మూడు ప్రశ్నలు: ఎక్కడ, ఎంత, ఎవరితో?